బేగంపేట నుంచి ఢిల్లీకి, మా మామ పక్కన

విమానాల కంపెనీలో పనిచేసేవాడు విమానం ఎక్కే ఉంటాడని జనం అనుకుంటారు. వాళ్లు అనుకుంటుంటే నేను కాదనలేదు. మొదట నా తప్పు అంతే. తరవాత అది నన్ను నాగపూరు దాకా, భోపాల్ దాకా, చివరికి ఢిల్లీ దాకా లాక్కుపోయింది.

పోలీసు యాక్షన్ అయి ఏడాది దాటిన రోజులవి. నాకు ఇరవై మూడేళ్లు. బేగంపేట ఏరోడ్రోములో గుమాస్తాని. గుమాస్తా అన్నది పెద్ద మాట. నా ఎదురుగా ఒక కాటా ఉండేది. ముందు ప్రయాణికుల పెట్టెల్ని, తరవాత ప్రయాణికుల్ని దాని మీద నిలబెట్టి బరువు రాసుకోవడం నా ఉద్యోగం. అప్పటి డకోటా విమానాలకు మనుషుల బరువు కూడా ముఖ్యమే. జాగీర్దార్లూ వకీళ్లూ కాటా ఎక్కగానే ఊపిరి బిగబట్టేవాళ్లు. ఊపిరి బిగబడితే బరువు తగ్గదని వాళ్లకు చెప్పే ధైర్యం నాకు ఏనాడూ కలగలేదు.

మా ఇల్లు గచ్చిబౌలిలో. గచ్చిబౌలి అంటే అప్పుడు రాతి గుండ్లు, సీతాఫలం పొదలు, కొన్ని ఇళ్లు. పొద్దున్నే సైకిల్ మీద లింగంపల్లి స్టేషనుకు పోయి, రైలెక్కి బేగంపేటలో దిగేవాణ్ణి. నా సైకిల్ తరచుగా పంక్చరయ్యే రాళ్ల బాట మీద ఇప్పుడు అద్దాల ఆఫీసొకటి లేచింది. కంపెనీ వాళ్లు నాకొక టోపీ ఇచ్చారు. దానికి ముందువైపు ఇత్తడి రెక్కల బిళ్ల. ఆ టోపీని ఆదివారాలు కూడా పెట్టుకునేవాణ్ణి. బావి దగ్గర స్నానానికి కూర్చున్నప్పుడు మాత్రం తీసి, నలుగురికీ కనపడేలా గట్టు మీద పెట్టేవాణ్ణి.

మా మామది, అంటే నా భార్య తండ్రిది, లింగంపల్లి అవతలి పల్లె. కల్లు గీసేవాడు. యాభై దాటినా తాటిచెట్లూ, మేం ఈదులనే ఈతచెట్లూ అవలీలగా ఎక్కేవాడు. మాది కూడా అదే కులవృత్తి. కానీ నేను నాలుగు ఉర్దూ ముక్కలు చదువుకుని చెట్టెక్కడం తప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే చదువు మీద ప్రేమతో కాదు, ఎత్తంటే భయంతో చదువుకున్నాను. ఈ సంగతి మా నాన్నకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన నన్ను ఒక్కసారే చెట్టెక్కించి, నిచ్చెన వేసి దింపించాడు.

పెళ్లయ్యాక మొదటిసారి అత్తవారింటికి పోయినప్పుడు వాకిట్లో పదిమంది కూర్చుని ఉన్నారు. మామ నా టోపీ వైపు చూసి అడిగాడు.

"అల్లుడా, గా గాలిమోటరు నువ్వు ఎక్కినవా?"

పదిమంది నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. తలుపు వెనక నా భార్య గాజులు చప్పుడు కాకుండా ఆగాయి.

"ఎక్కిన మామ," అన్నాను.

"ఎందాక పోయినవ్?"

"ఢిల్లీ దాక."

ఆ ఒక్క మాటతో ఆగినా బాగుండేది. ప్రయాణికులు మాట్లాడుకునే మాటలన్నీ నా చెవిన పడి ఉన్నాయి. నాగపూరులో దిగగానే కమలాల వాసన వస్తుందన్నాను. భోపాల్లో చెరువు పై నుంచి అద్దంలా కనపడుతుందన్నాను. గ్వాలియర్ కోట మీద నుంచి పోతుంటే లోపల బట్టలు ఆరేసుకోవడం కూడా కనపడుతుందన్నాను. మబ్బులో దూరితే ఎట్లుంటుందని ఒకాయన అడిగితే, తడిసిన దూది మొహానికి అద్దినట్టుంటుందని చెప్పాను. విమానానికి కిటికీ అద్దాలుంటాయన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

అప్పట్నుంచి లింగంపల్లి మీదుగా ఏ విమానం పోయినా జనం నా వైపు చూసేవాళ్లు. నేను టోపీ సర్దుకుని, "గది మా ఢిల్లీ బండే," అనేవాణ్ణి. మామ అవన్నీ చెట్టు మీంచే వినేవాడు.

ఆ చలికాలంలో ఢిల్లీ నుంచి ఒక కాగితం వచ్చింది. ఈదుచెట్ల నుంచి నీరా, అంటే పులవని తీపి నీళ్లు, ఎలా తీయాలో అక్కడి వాళ్లకు చూపించడానికి ఆరితేరిన గీతకాడు ఒకడు కావాలట. ఆ కాగితం ఆఫీసుల్లో బల్ల నుంచి బల్లకు తిరిగి తిరిగి, రెండు రోజుల గడువు మిగిలాక మా మామ దగ్గరికొచ్చింది. రైల్లో పోతే అందదు. విమానంలో పంపుతామన్నాడు కాగితం తెచ్చిన ఆఫీసరు. మామ ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద.

ఆ షరతు ఏమిటో నాకు మరునాడు పొద్దున ఏరోడ్రోములో తెలిసింది. ఆఫీసరు, ఆయన వెనక గొంగడి కప్పుకుని మా మామ, నా కాటా దాటి నేరుగా మా మేనేజరు గది వైపు పోయారు. కాసేపటికి నాకు పిలుపొచ్చింది. మా మేనేజరు కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. ప్యూను మీద కోప్పడినా 'అండి' అనేవారు.

"ఏమండీ," అన్నారు కళ్లద్దాల మీంచి నన్ను చూస్తూ, "మీ మామగారు మీరు తోడు లేనిదే విమానం ఎక్కరటండీ. మీరు ఢిల్లీ దాకా చాలాసార్లు వెళ్లొచ్చారట. నాకు తెలియనే తెలియదే! ఎప్పుడెళ్లారండీ?"

నేను మామ వైపు చూశాను. మామ గోడకున్న విమానం బొమ్మను శ్రద్ధగా చూస్తున్నాడు.

"అంటే... మనసులో, సార్," అన్నాను.

మేనేజరు నవ్వలేదు. అదే ఆయన గొప్పతనం. "రేపటి విమానంలో సీట్లు ఖాళీగానే ఉన్నాయండీ. వెళ్లి రండి. మనసులో వెళ్లింది చాలు," అన్నారు.

మరునాడు మామను నేనే కాటా ఎక్కించాను. ఆయనతో పాటు గీసే కత్తుల సంచి, రెండు లొట్లు, అంటే కల్లు పట్టే కుండలు, చెట్టెక్కేటప్పుడు నడుముకు వేసుకునే మోకు. ఊపిరి బిగబట్టకుండా నిలబడ్డ ప్రయాణికుణ్ణి చూడటం నాకు అదే మొదలు. తరవాత నేనెక్కాను. నా తోటి గుమాస్తా ముల్లు చూసి, "ఊపిరి వదులు భాయ్," అన్నాడు.

డకోటా నేల మీద ఉన్నప్పుడు తోక కిందికి, ముక్కు పైకి ఉంటుంది. అందుకని లోపల సీటు దాకా గుట్టెక్కినట్టు నడవాలి. మామ లొట్లు పట్టుకుని చకచకా ఎక్కిపోయాడు. నేను ప్రతి సీటునూ పట్టుకుంటూ పోయాను. ఎయిర్ హోస్టెస్ అమ్మాయి చెవుల్లో పెట్టుకోవడానికి దూది, చప్పరించడానికి పిప్పరమెంట్లు ఇచ్చింది. నన్ను గుర్తుపట్టి, "ఆప్ తో కాటావాలే హై నా?" అంది. అవునన్నాను. అంతమందిలో నా అసలు హోదా అలా బయటపడింది. మామ పిప్పరమెంట్లను కూతురి కోసం ధోవతి కొసకు ముడేసుకున్నాడు. సీటుకున్న పట్టీని రెండుసార్లు గుంజి చూశాడు.

"గీ పట్టీ ఏం ఆపుతది అల్లుడా? నా మోకైతే నయముండె."

ఇంజన్లు మొదలయ్యాయి. ఆ చప్పుడు రోజూ బయటి నుంచి వినేవాణ్ణి, సంగీతంలా ఉండేది. లోపలి నుంచి వింటే పళ్లు ఊడేలా ఉంది. విమానం పరుగెత్తింది, తోక లేచింది, ఆ తరవాత నేలతో మా సంబంధం తెగిపోయింది. నేను కళ్లు మూసుకున్నాను.

కాబట్టి బేగంపేట నుంచి నాగపూరు దాకా దారి ఎలా ఉంటుందో నేను చెప్పలేను. మామ చెప్పింది చెప్పగలను. ఆయన ముక్కు కిటికీ అద్దానికి ఆనించి ఒకటే చెబుతున్నాడు.

"అల్లుడా, గుట్టలన్నీ మేకపిల్లల లెక్క పండుకున్నయ్... అరే, చెరువు మీద చెరువు! ఇన్ని చెరువులున్నయా మన దేశంల?... గదిగో, తాటివనం. పై నుంచి చూస్తే గొడుగులు ఎండకు పెట్టినట్టున్నది... గోదారి అల్లుడా! జర కండ్లు తెరువు, గోదారి!"

గోదారి కోసం కళ్లు తెరిచాను. సరిగ్గా అప్పుడే విమానం ఒక్కసారి కిందికి జారింది. కింద నుంచి ఎవరో పీట లాగేసినట్టయింది. ఎయిర్ హోస్టెస్ కాగితం సంచి అందించేలోపే, అందులో జరగాల్సిన పని నా టోపీలో జరిగిపోయింది. ఇత్తడి రెక్కలున్న టోపీ. ఆ అమ్మాయి ముఖం చిట్లించకుండా దాన్ని అందుకుని తీసుకుపోయింది. మళ్లీ నేను అడగలేదు, ఆమె ఇవ్వలేదు.

నాగపూరులో దిగాను. కమలాల వాసన రాలేదు, పెట్రోలు వాసన వచ్చింది. మామ చాయ్ తాగుతుంటే నేను అక్కడి గుమాస్తాను పక్కకు పిలిచి హైదరాబాదు రైలు ఎప్పుడుందని అడిగాను. వెనక్కి తిరిగేసరికి మామ గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"పోతవా?"

"మామ, నాతోని కాదు. నేనెన్నడూ ఎక్కలే. అన్నీ అబద్ధాలు చెప్పిన." చెప్పేసి ఏడుపు ఆపుకోవడానికి ముక్కు చీదుకున్నాను.

"నాకు ఎర్కే," అన్నాడు మామ, చాయ్ ఊదుకుంటూ. "నువ్వు చూపెట్టిన ఢిల్లీ బండి రోజూ పొద్దుగూకే దిక్కు పోతుండె. ఢిల్లీ ఏ దిక్కని స్టేషన్ల గార్డును అడిగిన. నువ్వు చూపెట్టింది బొంబాయిదట."

"ఎర్కుండి నన్నెందుకు తీసుకొస్తివి?"

మామ గ్లాసు అడుగున మిగిలిన చాయ్ నేల మీద పారబోశాడు.

"నాకు చెట్టంటే భయం లేదు బిడ్డా. తెలవని ఊరంటే భయం. ఆడ దిగినంక ఎవన్ని అడగాలె, ఏమని అడగాలె? నీకు ఉర్దూ వస్తది. ఒక్కన్నే పోవాల్నంటే రాత్రంత నిద్ర పట్టలే. నువ్వు అబద్ధం చెప్పినా తోడైతే వస్తవు గదా అనుకున్న."

ఆయనకు భయమేస్తుందన్న ఆలోచనే నాకు అంతవరకూ రాలేదు. రైలు మాట మానేసి మళ్లీ విమానం ఎక్కాను. ధైర్యం వచ్చి కాదు, సిగ్గుతో. భోపాల్ చెరువును ఒక కన్నుతో చూశాను. గ్వాలియర్ కోటలో ఎవరూ బట్టలు ఆరేయలేదు. ఆ దారంతా మామ ఎడమ చెయ్యి నా మోచేతిని వదల్లేదు. ఎవరు ఎవర్ని పట్టుకున్నట్టో నాకు ఇప్పటికీ తెలియదు. మధ్యాహ్నం దాటాక ఢిల్లీలో దిగాం. నా కాళ్లు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.

నా ఉర్దూ మీద మామ పెట్టుకున్న నమ్మకం మరునాడే తేలిపోయింది. కాలవ గట్టున ఒక ఈదుచెట్టు కింద పదిమంది ఆఫీసర్లు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. మామ చెట్టెక్కి, ఎండు మట్టలు కోసేసి, వాటి మొదట్లో నిమిరి చూసి దిగాడు.

"వీళ్లకు చెప్పు అల్లుడా. ఇయ్యాల గీస్తే ఇయ్యాల రాదు. చెట్టును చెక్కి, ఆరబెట్టి, మళ్ల చెక్కాలె. వారం దినాలన్నా పడతది."

నేను గొంతు సవరించుకుని మా హైదరాబాదు ఉర్దూలో చెప్పాను. "సాబ్, ఝాడ్ కు జర ఫుర్సత్ హోనా. ఆజ్ నక్కో." చెట్టుకు కాస్త తీరిక కావాలి, ఇవాళ వద్దు అన్నాను. పదిమందీ ఒక్కసారి నవ్వారు. చెట్టు సంగతికి కాదు, నా భాషకు. ఒకాయన 'నక్కో' అన్న మాటను నా చేత మళ్లీ మళ్లీ అనిపించుకుని మురిశాడు. బేగంపేటలో నవాబులతో మాట్లాడిన ఉర్దూ పండితుణ్ణి, ఢిల్లీలో పది నిమిషాల వినోదమయ్యాను. అయితే వాళ్లకు విషయం అర్థమైంది. పది రోజులు ఉండమన్నారు.

ఆ పది రోజులూ మామ రోజూ చెట్టెక్కాడు. నాలుగో రోజుకల్లా నా అవసరమే లేకుండా సైగలతో అందరితోనూ మాట్లాడుతున్నాడు. నాకు చలి పట్టుకుంది, గొంతు పోయింది. తొమ్మిదో రోజు తెల్లారే సరికి, పులవకుండా సున్నం పూసిన లొట్టిలో నీరా నిండింది. మంచులో నిలబడ్డ ఆఫీసర్లు ఒక గ్లాసు తాగి రెండో గ్లాసు అడిగారు. నా చేత 'నక్కో' అనిపించుకున్న ఆయనే మామ భుజం తట్టి ఏదో అన్నాడు. మామ నా వైపు తిరిగి, "ఏమన్నడు?" అని అడిగాడు.

"మస్తుగున్నదన్నడు," అని బొంగురుగా చెప్పాను. ఆ ఒక్కటే నేను సరిగ్గా చేసిన తర్జుమా.

తిరుగు ప్రయాణానికి టికెట్ల ఏర్పాటు చూడ్డానికి మా కంపెనీ ఢిల్లీ ఆఫీసుకు నేనొక్కణ్ణే పోయాను. ఎల్లుండి విమానంలో రెండు సీట్లూ దొరుకుతాయన్నారు. నేను బయటికొచ్చి రోడ్డు మీద కాసేపు నిలబడ్డాను. గోదారి దగ్గర పీట లాగేసినట్టయిన ఆ క్షణం మళ్లీ గుర్తొచ్చింది. మేం దిగిన సత్రానికి వచ్చి మామతో అన్నాను.

"ఒక్కటే సీటున్నదంట."

"అట్లయితే నువ్వు పో. నీకు డ్యూటీ ఉన్నది. నేను రైల్ల వస్త."

"అయ్యో, కాదు మామ!" గాభరాపడ్డాను. "నువ్వు పెద్దోనివి. రైల్ల పరేషాన్ అయితవు. నువ్వే గాలిమోటర్ల పో. నా ఫికర్ చెయ్యకు."

ఆయన నన్ను కాసేపు చూసి, "సరే తియ్," అన్నాడు. ఏరోడ్రోములో దిగబెట్టి చెయ్యి ఊపుతుంటే నా మొహంలో త్యాగం ఉట్టిపడి ఉంటుంది. ఆ విమానం కనుమరుగయ్యాక స్టేషనుకు దాదాపు పరుగెత్తాను. మూడో తరగతి పెట్టెలో కూర్చోవడానికి చోటు దొరక్క సామాన్ల మీద ఒరిగి, హాయిగా, నేల మీద, రెండు రోజులు ప్రయాణం చేశాను.

సికిందరాబాదులో బండి మారి, పొద్దున లింగంపల్లిలో దిగితే స్టేషను బయటే అత్తగారి ఊరివాళ్లు ఎదురుపడ్డారు. ఒక ముసలాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అల్లుడంటే నువ్వే బిడ్డా! ఉన్న ఒక్క సీటు మామకిచ్చి నువ్వు రైల్ల వచ్చినవంట. మీ మామ చెప్పిండు. మా ఇండ్లల్ల ఉన్నరు అల్లుండ్లు, ఏం లాభం!"

ఇంటికి చేరేలోపు ముగ్గురు పొగిడారు. ఒకావిడ నా తలకు దిష్టి తీసింది. ఇంట్లో నా భార్య చెంబుతో నీళ్లిచ్చి, నేను తాగేంతవరకు ఎదురుగా నిలబడింది. ఆమె దవడలో పిప్పరమెంటు ఉంది.

"నాయిన అంత మంచిగనే చెప్పిండు," అంది. "బేగంపేట దాక పక్క సీటు ఖాళీనే ఉండెనంట. లొట్లు పగులుతయని ఆ సీట్లనే పెట్టుకొని, పట్టీ గూడ కట్టిండంట."

సగం నీళ్లతోనే చెంబు కింద పెట్టాను.

"ఊర్ల ఎవరికన్న చెప్పిండా?"

"నాకొక్కదానికే చెప్పిండు. నీతోని అనొద్దన్నడు," అని వంటింట్లోకి పోయింది. లోపలి నుంచి నవ్వు వినపడింది. ఆమె ఆపుకోవడానికి ప్రయత్నించింది, ఆ సంగతి మాత్రం ఒప్పుకోవాలి.

మరునాడు పొద్దున డ్యూటీకి పోకుండా మామ గీసే తాటిచెట్ల దగ్గరికి పోయాను. ఈసారి అడగకముందే నిజం చెప్పాలని, దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ పోయాను. ఆయన అప్పటికే చెట్టు మీద ఉన్నాడు. కింద నిలబడి, ఎవరూ వినకుండా, మెల్లగా అన్నాను.

"మామ, ఢిల్లీల రెండు సీట్లుండె."

"ఏందీ?"

"రెండు సీట్లుండె మామ."

"ఇనవడ్తలేదు అల్లుడా, గాలి మస్తున్నది. జర గట్టిగ చెప్పు!"

నాకు గాలేమీ తగల్లేదు. కానీ చెట్టు మీద సంగతి నాకేం తెలుసు? రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఢిల్లీలో పోయిన గొంతు పూర్తిగా రాకపోయినా, ఉన్నదంతా పెట్టి అరిచాను.

"రెండు సీట్లుండె మామా! నాకు భయమై రైల్ల వచ్చిన! అంతకుముందు నేనెన్నడూ గాలిమోటరు ఎక్కలే!"

అరిచాక చూస్తే చుట్టుపక్కల అయిదారు తాటిచెట్ల మీద అయిదారుగురు గీతకాళ్లు కత్తులు ఆపి నా వైపు చూస్తున్నారు. ఒకడైతే చెట్టుకు ఆనుకుని నవ్వుతున్నాడు. మామ మాత్రం నవ్వలేదు. తాపీగా లొట్టి దింపుకుని, మోకు సర్దుకుంటూ కిందికొచ్చి, నా భుజం మీద చెయ్యేశాడు.

"ఇగ ఇంటికి పోదాం పా," అన్నాడు. "మీ అత్త సర్వపిండి చేస్తున్నది."

సాయంత్రానికి లింగంపల్లి స్టేషను కూలీలకు కూడా సంగతి తెలిసింది. తరవాత కొన్ని నెలల పాటు నేను రైలు దిగితే చాలు, ఎవరో ఒకరు కాటా మీద నా బరువెంతని అడిగేవాళ్లు. బేగంపేటలో నేను ఇంకా పదకొండేళ్లు పనిచేశాను. టోపీ మళ్లీ ఇస్తామన్నారు గానీ, తలనొప్పి వస్తుందని వద్దన్నాను.